40 గ్యాలన్ల మొదటి రీఫ్ టాంకులో వేవ్‌మేకర్ ఎక్కడ పెట్టాలి, ఎంత వేగం ఉంచాలి

నమస్కారం అండి. మీరు అడిగినదాన్ని ముందుగా నాలుగు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది. డాలస్‌లో మీ ఇంట్లో 40 గ్యాలన్ల బ్రీడర్ రకం రీఫ్ టాంకు (కోరల్స్, అంటే పగడాలు, పెంచే ఉప్పునీటి టాంకు), కింద ఫిల్టర్లుండే సంప్ అనే తొట్టి, అక్కడి నుంచి నీళ్ళు పైకి తోసే 700 జీపీహెచ్ (గంటకి గ్యాలన్లు) రిటర్న్ పంపు, టాంకు లోపలే నీళ్ళు కదిలించే 1,500 జీపీహెచ్ వేవ్‌మేకర్ ఒకటి ఉన్నాయి. టాంకులో రెండు క్లౌన్ చేపలు, కొన్ని జోవాలు, గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే మెత్తటి కోరల్స్, కొత్తగా తెచ్చిన హ్యామర్ అనే రాతి కోరల్. వేవ్‌మేకర్ పెంచితే ముందు మూల ఇసుక లేచిపోయి అడుగు గాజు కనిపిస్తోంది, హ్యామర్ ముడుచుకుంటోంది. తగ్గిస్తే రాళ్ళ వెనక చెత్త పేరుకుని ఎర్రటి పొర కడుతోంది. ఒకరు పంపు గంటకి టాంకు నీళ్ళకి 20 రెట్లు తోస్తే చాలన్నారు, ఇంకొకరు 50 రెట్లు లేనిదే రీఫ్ నిలవదన్నారు. ఎవరి మాట వినాలి, ఇంకో పెద్ద పంపు కొనాలా అని మీ సందేహం.

ఇప్పుడే ఇంకో పంపు కొనకండి. మీ దగ్గరున్న రెండు పంపులూ ఈ టాంకుకి సరిపోతాయి. మీ టాంకులో నీళ్ళు ఒక చోట దూకుతున్నాయి, ఇంకో చోట నిలిచిపోయాయి. పెద్ద పంపు తెస్తే దూకే చోట ఇంకా దూకుతాయి, నిలిచిన చోట అలాగే ఉంటాయి.

ఫ్లో (నీటి ప్రవాహం) ఎందుకో ముందు అర్థమైతే మిగతాదంతా మీకే తోస్తుంది. కోరల్ ఉన్నచోటు నుంచి కదలలేదు. దానికి కావలసినది నీళ్ళే తెచ్చిపెట్టాలి, అది వదిలేసినది నీళ్ళే తీసుకుపోవాలి. దాని ఒంటిని అంటుకుని దాదాపు కదలకుండా ఉండే పలుచని నీటిపొర ఒకటి ఉంటుంది. ఆక్సిజనైనా, కార్బన్ డయాక్సైడైనా, పోషకాలైనా ఆ పొరని దాటే లోపలికి రావాలి, బయటికి పోవాలి. బయట నీళ్ళు కదిలేకొద్దీ ఆ పొర పలచబడుతుంది. ఫ్లో అనగానే చాలామందికి ఆహారమే గుర్తుకొస్తుంది. కానీ పగలు లైటు వెలుగుతున్నప్పుడు కోరల్‌కి అసలు ఇబ్బంది ఆక్సిజన్ ఎక్కువైపోవడం. కోరల్ కణాల్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ చేస్తూ ఆక్సిజన్ వదులుతుంటాయి. అది ఎప్పటికప్పుడు బయటికి పోకపోతే లోపలే పేరుకుని ఆ క్రియనే మందగింపజేస్తుంది. లైటు పెంచేవాళ్ళు ఫ్లో సంగతి కూడా చూసుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే. సముద్రంలోనూ ఇదే జరుగుతుంది. 1998లో నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబడిపోయినప్పుడు, జపాన్‌లోని ఒకినావాలో కొన్ని బతికి కొన్ని చచ్చిపోవడానికి నీటి ప్రవాహంలో తేడా కూడా ఒక కారణమని 2001లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది.

ఇక రెట్ల లెక్క. టాంకు ఘనపరిమాణానికి గంటకి ఎన్ని రెట్ల నీళ్ళు పంపులు తోస్తున్నాయన్నదే ఈ లెక్క. సాఫ్ట్ కోరల్స్‌కి 10 నుంచి 20, హ్యామర్ లాంటి ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌లున్న రాతి కోరల్స్) ఉంటే 20 నుంచి 30, అక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్‌కి (చిన్న పాలిప్‌లున్న రాతి కోరల్స్‌కి) 40, ఆ పైన అని హాబీలో అందరూ చెప్పుకునే అంకెలు. పంపు కొనేటప్పుడు ఏ సైజు తీసుకోవాలో తేల్చుకోవడానికి ఇవి పనికొస్తాయి. మీ వేవ్‌మేకర్ పూర్తి వేగంతో 37 రెట్లు దాటుతుంది, సగానికి తగ్గిస్తే 19 దాకా వస్తుంది. అంటే మీకు సలహా ఇచ్చిన మొదటాయన చెప్పింది మీ దగ్గర ఇప్పటికే ఉంది. రిటర్న్ పంపుని ఈ లెక్కలో కలపకండి. పెట్టె మీద 700 అని ఉన్నా, నాలుగడుగుల ఎత్తుకి, రెండు మూడు మలుపుల పైపులోంచి ఎక్కేసరికి 400 దగ్గరికి పడిపోయి ఉంటుంది. సంప్ గుండా గంటకి మూడు నుంచి పది రెట్లు పోతే చాలు. అంతకు మించితే టాంకు నీళ్ళు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో చప్పుడు పెరుగుతుంది, సంప్‌లో బుడగలతో మురికి తీసే స్కిమ్మర్ వదిలిన సన్నటి బుడగలు పై టాంకులోకి వస్తాయి.

రెట్లలో కనబడనిది, కోరల్‌కి మాత్రం తెలిసేది ఒకటుంది: వేగం. ఒక చిన్న లెక్క చూడండి. మీ రిటర్న్ నాజిల్ ముప్పావు అంగుళం అనుకుందాం. 400 జీపీహెచ్ అంటే సెకనుకి 0.42 లీటరు. అంత సన్నటి మూతిలోంచి ఆ నీళ్ళు సెకనుకి దాదాపు 150 సెంటీమీటర్ల వేగంతో దూసుకొస్తాయి. వేవ్‌మేకర్ దానికి దాదాపు నాలుగు రెట్ల నీళ్ళు తోస్తుంది. అయినా దాని మూతి రెండంగుళాల వెడల్పు ఉంటే వేగం 80 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. నీళ్ళు తక్కువ తోసే పంపే కోరల్‌ని ఎక్కువ గాయపరచగలదన్నమాట. నాజిల్ ఎదుట ఏ కోరల్‌నీ పెట్టొద్దని చెప్పేది ఇందుకే. వెడల్పాటి మూతి ఉన్న వేవ్‌మేకర్లు, గాజు పొడవునా పరిచినట్టు నీళ్ళు తోసే గైర్ రకం పంపులు రీఫ్‌లో అంతగా ఎందుకు నచ్చుతాయో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

వేగం కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. చేపలకి వేసే చిన్న గుళికల ఆహారం కొంచెం నీళ్ళలో నానబెట్టి, మునిగాక కోరల్ ఉన్న చోట వదలండి. గాజు బయట ఒక అడుగు దూరంలో రెండు టేపు ముక్కలు అంటించి, గుళిక ఒకదాని నుంచి ఇంకోదానికి ఎన్ని సెకన్లలో చేరిందో ఫోన్‌లో వీడియో తీసి చూడండి. మూడు సెకన్లు పడితే సెకనుకి 10 సెంటీమీటర్లు. నా టాంకుల్లో హ్యామర్, టార్చ్ లాంటివి 5 నుంచి 10 మధ్య హాయిగా తెరుచుకుంటాయి, జోవాలూ గ్రీన్ స్టార్ పాలిప్స్ దానికి రెట్టింపైనా తట్టుకుంటాయి. గుళిక ఒకేచోట గింగిరాలు కొడుతూ ఉండిపోయిందా, అక్కడ చెత్త కూడా అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు మీ టాంకు. అది 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 16 ఎత్తు. మీరు పంపిన ఫోటో చూస్తే రాళ్ళన్నీ వెనక గాజుకి ఆనించి గోడలా పేర్చారు. మీ సమస్యలో సగం అక్కడే ఉంది. నీళ్ళు రాయిలోంచి దూరి వెళ్ళవు, చుట్టూ తిరిగి వెళ్ళాలి, అందుకు దారి ఉండాలి. కోరల్స్ తక్కువగా ఉన్న ఈ రోజుల్లోనే రాళ్ళు సర్దేయండి, తర్వాత అంటుకుపోయిన కోరల్స్‌తో ఈ పని మహా కష్టం. వెనక గాజుకీ రాయికీ మధ్య కనీసం మూడంగుళాలు వదలండి. అయస్కాంతపు గాజు క్లీనర్ దూరేంత చోటుంటే నీళ్ళకీ చాలు. ఒకే గుట్టకి బదులు రెండు గుట్టలు చేసి మధ్యలో అరచేయి వెడల్పు సందు ఉంచండి. అడుగు రాళ్ళని మొత్తంగా ఇసుకలో కూరకుండా రెండు మూడు కాళ్ళ మీద నిలబెడితే కిందినుంచి కూడా నీళ్ళు ఆడతాయి. రాళ్ళు మాత్రం ఇసుక మీద కాకుండా అడుగు గాజు మీదే కూర్చోవాలి. లేకపోతే ఇసుక తవ్వే చేపలో పీతలో వచ్చిన రోజున గుట్ట కూలుతుంది.

వేవ్‌మేకర్‌ని ఇప్పుడున్న వెనక గాజు మీది నుంచి తీసి ఎడమ పక్క గాజు మీద పెట్టండి. నీటిమట్టానికి నాలుగైదు అంగుళాల కింద, ముందు గాజుకి దగ్గరగా. మూతి టాంకు పొడవునా కుడివైపుకి చూడాలి, కాస్త పైకెత్తి ఉండాలి. నీళ్ళు ముందు గాజు వెంట కుడికి వెళ్ళి, అక్కడ తిరిగి, రాళ్ళ వెనక నుంచి ఎడమకి రావాలి. దారిలో రాపిడికి వేగం పోగొట్టుకుని ఆ వెనక భాగంలో నీళ్ళు నీరసిస్తాయి. అక్కడే రిటర్న్ నాజిల్‌ని వాడుకోండి: దాన్ని వెనక గాజు వెంట ఎడమవైపుకి తిప్పండి. ఇందాక చెప్పిన ఆ 150 సెంటీమీటర్ల దూకుడు కోరల్స్ లేని ఆ సందులో చెత్తని ఊడ్చుకుపోతుంది. రెండు పంపులూ ఒకదానికొకటి ఎదురెదురుగా కొట్టుకోకుండా ఒకే చక్రాన్ని తిప్పుతున్నట్టు ఉండాలి. వేగం 50 శాతం దగ్గర మొదలుపెట్టండి.

ముందు మూల ఇసుక లేచిపోవడానికి కారణం మీరు అనుకుంటున్నట్టు పంపు ఇసుకకి దగ్గరగా ఉండటం కాదు. నీటి ధార ఎదుటి గాజుకి గట్టిగా తగిలి, అక్కడి నుంచి కిందికి మళ్ళి, గాజు పాదం దగ్గర తవ్వుతోంది. మూతి పైకెత్తితే ధార పైపొరలో పరుచుకుని, గాజు దగ్గరికి చేరేసరికి మెత్తబడుతుంది. అయినా తవ్వితే మీ ఇసుక మరీ సన్నం. చక్కెర పలుకంత ఉండే ఇసుక రీఫ్ ఫ్లోకి నిలవదు. 1 నుంచి 2 మిల్లీమీటర్ల గింజ ఉన్న అరగొనైట్ (సున్నపు రకం) ఇసుకని పైన పలుచగా చల్లండి. ఒక మూలలో రూపాయి బిళ్ళంత గాజు కనబడుతూ స్థిరపడిపోతే దాని జోలికి పోకండి, దానివల్ల ఏ నష్టమూ లేదు.

చెత్త ఎక్కడ పేరుకుంటుందో తెలుసుకోవడానికి టర్కీ బేస్టర్ (చివర రబ్బరు బుడ్డి ఉన్న పొడవాటి గొట్టం) కొనుక్కోండి. పంపులన్నీ నడుస్తుండగా రాళ్ళ మీద, సందుల్లో దాంతో నీళ్ళు ఊది, లేచిన మడ్డి ఎటు పోయి ఎక్కడ కూర్చుంటుందో కూర్చుని చూడండి. ఓవర్‌ఫ్లో వైపు వెళ్ళి సంప్‌లో ఫిల్టర్ సాక్ అనే వడపోత సంచిలో పడిందా, మీ పని అయిపోయినట్టే. మళ్ళీ మళ్ళీ ఒకే మూలలో దిగుతుంటే వేవ్‌మేకర్‌ని అంగుళం అటో ఇటో జరిపి మళ్ళీ ఊదండి. ఇందులో తొందరపడితే లాభం లేదు. ఒక సాయంత్రం మొత్తం దీనికి పెట్టినా వృథా కాదు. ఆ ఎర్రటి పొర సయనోబాక్టీరియా. నీళ్ళు నిలిచిన చోట అది ఇష్టంగా పెరుగుతుంది గానీ ఫ్లో ఒక్కటే దాన్ని తీసెయ్యదు. గొట్టంతో పీల్చి తీసేసి, చేపలకి వేసే మేత తగ్గించి, నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంతున్నాయో పరీక్షించండి. రెండూ సున్నాకి పడిపోయినా అది వస్తుంది, కాబట్టి సున్నా చూసి సంతోషించకండి.

హ్యామర్‌ని చదవడం నేర్చుకుంటే పంపు యాప్ చూడక్కర్లేదు. బాగున్నప్పుడు దాని తలలు ఉబ్బి, అటూ ఇటూ నెమ్మదిగా ఊగుతాయి, ఊగి మళ్ళీ నిలబడతాయి. ఫ్లో ఎక్కువైతే అన్నీ ఒకేవైపుకి పడుకుని లేవవు, లేదా అసలు బయటికే రావు. టేబుల్ ఫ్యాన్‌కి ఎదురుగా ముఖం పెట్టి రోజంతా కూర్చోమంటే మనకెలా ఉంటుందో దానికీ అలాగే ఉంటుంది. అలా వారాల తరబడి వదిలేస్తే అస్థిపంజరపు పదునైన అంచు మీద మాంసం కోసుకుపోతుంది, ఆ గాయం నుంచి బ్రౌన్ జెల్లీ అనే జబ్బు తగులుకుంటే ఒక్కో తల రోజుల్లో కరిగిపోతుంది. ఫ్లో తక్కువైతే తలల మధ్య మడ్డి కనబడుతుంది, అది కూడా కుళ్ళుకి దారితీసేదే. మీ టాంకులో దానికి మంచి చోటు కుడి గుట్ట కింది సగం, ధారకి పక్కగా. ఇంకో సంగతి ఎక్కువమంది చెప్పరు. హ్యామర్ రాత్రిపూట పొడవాటి కుట్టే టెంటకిల్స్ చాపుతుంది, అవి ఫ్లో ఎటు తీసుకెళ్తే అటు సాగుతాయి. ప్రవాహానికి దిగువన దాని పక్కనే జోవాలు పెడితే తెల్లారేసరికి కాలిపోయి ఉంటాయి. దిగువ వైపు ఆరంగుళాలు ఖాళీ ఉంచండి. మీరు తర్వాత ఏ కోరల్ తెచ్చినా చోటు ఎంచేటప్పుడు పై నుంచి పడే లైటుతో పాటు ఎటునుంచి నీళ్ళు వస్తున్నాయో కూడా చూడాలి.

ఎప్పుడూ ఒకే దిశలో ఒకే వేగంతో వచ్చే ఫ్లో కోరల్ ఒక పక్కనే తడుముతుంది. మీ కంట్రోలర్‌లో ర్యాండమ్ మోడ్ ఉంటే 30 నుంచి 60 శాతం మధ్య మారేలా పెట్టండి. టాంకు అంతా ఊగే అల మోడ్ చూడటానికి చాలా బాగుంటుంది. మీ టాంకు పొడవుకీ లోతుకీ పంపు ఒకసారి పెరిగి తగ్గే పల్స్ మొత్తం 2 సెకన్ల దగ్గర పడితే ఆ అల వస్తుంది, అందులో కోరల్‌కి మేలు కూడా ఉంది. కానీ స్టాండు పలకతో చేసిందైతే, టాంకుకి పై అంచు బిగింపు లేకపోతే నేను వద్దంటాను. రోజంతా ఆ బరువు అటూ ఇటూ కొట్టుకోవడం అతుకులకి మంచిది కాదు.

రాత్రి వేవ్‌మేకర్ ఆపేయొచ్చా అని కూడా అడిగారు. తగ్గించండి, ఆపకండి. లైటు ఆరాక ఆక్సిజన్ తయారుచేసేవాళ్ళు ఉండరు. చేపలు, కోరల్స్, రాళ్ళలోని బాక్టీరియా అన్నీ వాడుకునేవే. అందుకే తెల్లవారుజామున టాంకులో ఆక్సిజన్, పీహెచ్ రెండూ అన్నిటికన్నా తక్కువగా ఉంటాయి. పైగా 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉప్పునీళ్ళు లీటరుకి దాదాపు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకోగలవు, మంచినీళ్ళలో అది 8 దాటుతుంది. ఉప్పునీటి టాంకులో మొదటినుంచీ నిల్వ తక్కువ. నీటి పైభాగం రాత్రింబగళ్ళు చిన్నగా కదులుతూనే ఉండాలి. గాలిని మింగి బుడగలు చిమ్మేంత కాకుండా, పైన నూనె పొర నిలవనంతగా చాలు. ఇంట్లో ఏసీ కోసం కిటికీలన్నీ మూసి ఉంచే టెక్సాస్ వేసవిలో పీహెచ్ మరీ పడిపోతుంటే అది గదిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల, పంపు పెంచి లాభం లేదు.

నాజిల్ తిప్పారు కాబట్టి ఒక పరీక్ష తప్పనిసరి. రిటర్న్ పంపు ప్లగ్ తీసేసి నిలబడి చూడండి. పంపు ఆగగానే టాంకు నీళ్ళు నాజిల్ గుండా వెనక్కి, నాజిల్ మూతి గాలికి తేలేదాకా సంప్‌లోకి దిగుతాయి. అందుకని మూతి నీటిమట్టానికి అంగుళం కన్నా కిందికి ఉండకూడదు, దిగిన నీళ్ళు పట్టేంత ఖాళీ సంప్‌లో ఉండాలి. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌ని నమ్ముకోకండి, దాంట్లో సున్నం పేరుకుంటే సరిగ్గా మూసుకోదు. మేత వేసేటప్పుడు పంపుని కాసేపు ఆపే ఫీడ్ మోడ్ వాడండి, పది నిమిషాల్లో దానంతట అదే మళ్ళీ మొదలయ్యేలా. వైర్లు ప్లగ్ కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కాలి, ప్లగ్ పాయింటు జీఎఫ్‌సీఐది (షాక్ కొట్టే ముందే కరెంటు ఆపేసేది) అయి ఉండాలి. ఎనిమోన్ అనే సముద్ర జీవిని తేవాలనే ఆలోచన ఉంటే వేవ్‌మేకర్‌కి స్పాంజి తొడుగు లేకుండా తేకండి. అది నడిచి వెళ్ళి పంపులో పడితే టాంకు మొత్తం పాడవుతుంది.

రెండు మూడు నెలలకోసారి వేవ్‌మేకర్ తీసి సిట్రిక్ యాసిడ్ నీళ్ళలో గంటసేపు నడిపి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. సున్నపు పొర పట్టిన పంపు అదే 50 శాతం సెట్టింగులో సగం నీళ్ళే తోస్తుంది.

మీరు డాలస్‌లో ఉన్నారు కాబట్టి కరెంటు సంగతి వదలలేను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ముందు కావలసింది నీటి కదలిక, వేడి దాని తర్వాత. డీసీ వేవ్‌మేకర్‌ని తక్కువ వేగంలో నడిపే బ్యాటరీ బ్యాకప్ కొనండి, మూతి పైకి తిప్పి ఉంచండి. అంత డబ్బు పెట్టలేకపోతే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి అల్మారాలో ఉండాలి. రెండో వేవ్‌మేకర్ కన్నా ముందు కొనాల్సింది ఇదే.

ఇది చదివి హైదరాబాద్‌లోనో విశాఖలోనో రీఫ్ పెడదామనుకునేవాళ్ళకి ఒక మాట. హ్యామర్, అక్రోపోరాలతో సహా రాతి పగడాలన్నీ భారత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. అమ్మేవాళ్ళు ఏం చెప్పినా కొనకండి. తీరంలో పగడపు రాళ్ళు ఏరుకురాకండి. ఉప్పునీటి చేపలు, మనుషులు తయారుచేసిన రాళ్ళతో పెట్టే టాంకుకి పైన చెప్పిన ఫ్లో సంగతులన్నీ అలాగే వర్తిస్తాయి.

అక్రోపోరా గురించి: ఏడాది ఆగండి. అప్పటికి రాళ్ళు కుదురుకుంటాయి, ఆల్కలినిటీ (నీటి క్షారత) నిలకడగా ఉంచడం మీ చేతికి అలవాటవుతుంది. అప్పుడు ఇదే సైజు వేవ్‌మేకర్ ఇంకొకటి కొని కుడి గాజు మీద పెట్టి, రెండూ వంతులవారీగా పెరిగి తగ్గేలా చేయండి. ఒక పెద్ద పంపు కన్నా రెండు చిన్నవి మేలని నేను గట్టిగా నమ్ముతాను. ధార మెత్తగా ఉంటుంది, దిశ మారుతుంది, ఒకటి చెడిపోయినా రెండోది టాంకుని కాపాడుతుంది. అక్రోలు పైన, హ్యామర్ కింద ఉంటాయి.

రాళ్ళు, వేవ్‌మేకర్ సర్దాక హ్యామర్‌ని ఐదు రోజులు ముట్టుకోకండి, రోజూ సెట్టింగ్ మార్చకండి. మార్పుకి అలవాటుపడటానికి దానికి సమయం కావాలి. ఐదు రోజుల తర్వాత కూడా ముడుచుకునే ఉంటే, గుళిక పరీక్షలో వేగం 10 సెంటీమీటర్ల లోపే వస్తుంటే, ఇక ఫ్లోని అనుమానించనక్కర్లేదు. సాలినిటీ (ఉప్పదనం), ఆల్కలినిటీ, నైట్రేట్, ఫాస్ఫేట్ అంకెలు, లైటు ఏ ఎత్తులో ఎంత శాతంలో ఉందో, క్లౌన్లు రాత్రి దాంట్లో దూరి పడుకుంటున్నాయో లేదో రాయండి. చిన్న హ్యామర్‌ని క్లౌన్లు రుద్ది రుద్ది ముడుచుకునేలా చేయడం మామూలే, అదే అయితే మందు వేరు.